ఇంటిపేరు చివర్లో చూడండి!

శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే తేదీ ఖరారైందంటే చాలు... సూళ్లూరుపేట, నాయుడుపేట, నెల్లూరు, తిరుపతిల్లో చాలా ఇళ్లల్లో హడావుడి మొదలవుతుంది. పిల్లలకు సెలవులైతే ఇక చెప్పక్కర్లేదు. 2019లో సందర్శకుల కోసం షార్‌లో గ్యాలరీ తెరిచారు. ఆ ఏడాది ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సీ45 ప్రయోగాన్ని జనం అక్కడ కూర్చునే చూశారు. అంతకుముందైతే పులికాట్ గట్టు మీదో, ఎవరింటి మేడ మీదో నిలబడి మెడలు సాచాల్సిందే. గ్యాలరీకి ప్రవేశం ఉచితం. కాకపోతే ముందుగా ఇంటర్నెట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. గుర్తింపు కార్డు వివరాలు ఇవ్వాలి. పెద్ద ప్రయోగమైతే చోటు చూస్తుండగానే నిండిపోతుంది.

ఇబ్బందల్లా ఆ తొందరలోనే. ఎవరో వాట్సప్‌లో పంపిన లింకు కనిపిస్తుంది. వేలు నొక్కేస్తుంది. ఇంటిల్లిపాది పేర్లూ, ఫోన్ నంబర్లూ, కార్డు నంబర్లూ నింపేయడం అయిపోతుంది. పైన చిరునామా పట్టీలో ఏం రాసి ఉందో చూసేంత ఓపిక ఎందరికుంటుంది?

అసలు చిరునామా ఇదీ: ఎల్‌వీజీ డాట్ షార్ డాట్ గవ్ డాట్ ఇన్. దీన్ని మనకు అలవాటైనట్టు ఎడమ నుంచి చదివితే ఏమీ తెలియదు. కుడి నుంచి చదవాలి. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, సొంతపేరు తర్వాత వస్తుంది. ఇంటర్నెట్‌లో అదంతా తిరగబడింది. ఇక్కడ ఇంటిపేరు చివర్లో ఉంటుంది. 'ఇన్' అంటే ఇండియా. దాని లోపల 'గవ్', అంటే ప్రభుత్వం. దాని లోపల 'షార్'. షార్ వాళ్లు తమ ఇంట్లో గ్యాలరీ కోసం వేసుకున్న గది పేరు 'ఎల్‌వీజీ'. కంప్యూటరూ ఇలాగే వెతుక్కుంటుంది. ముందు డాట్ ఇన్ జాబితా ఎవరి దగ్గరుందో అడుగుతుంది, వాళ్లను గవ్ ఎక్కడని అడుగుతుంది, గవ్ వాళ్లను షార్ ఎక్కడని అడుగుతుంది. ఉత్తరాలు వేరుచేసే తపాలా ఉద్యోగి ఇంటి నంబరు కంటే ముందు పిన్ కోడ్ చూసినట్టన్నమాట.

అన్నట్టు పిన్ కోడ్ అంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్‌లో శ్రీహరికోట నెల్లూరు జిల్లా నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి మారినా పిన్ మాత్రం ఇప్పటికీ నెల్లూరు వరసలోని 524తోనే మొదలవుతుంది. 2002లో ఈ కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. అయినా వెబ్ చిరునామాలో ఆ పాత 'షార్' పోలేదు. జిల్లాలు మారినంత సులువుగా చిరునామాలు మారవు!

సరే, ఈ ఇంటిపేరుతో అంత పనేముంది అంటారా? అదే తిరుపతి జిల్లాలో జరిగింది చూడండి. 2023లో తిరుమల శ్రీవారి సేవలకు టీటీడీ వాడుతున్న అసలు చిరునామా తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. ఆ ఏడాది ఏప్రిల్‌లో దొరికిన నకిలీ వెబ్‌సైటు పేరు తిరుపతిబాలాజీ-ఏపీ-గవ్ డాట్ ఆర్గ్. తేడా ఎక్కడుందో గమనించారా? చుక్కలు ఉండాల్సిన చోట అడ్డగీతలు పెట్టారు. చివరన 'ఇన్' తీసేసి 'ఆర్గ్' తగిలించారు. అంతే. పేజీ చూడ్డానికి అచ్చం అసలుదానిలాగే ఉంటే ఏ భక్తుడికి అనుమానం వస్తుంది? అప్పటికే నలభై నకిలీ సైట్ల మీద కేసులున్నాయి. ఇది నలభై ఒకటోది.

గీతకూ చుక్కకూ ఉన్న తేడా చిన్నది కాదు. చుక్క పడితే గడప దాటినట్టు. అవతలి గదిని ఇవ్వాల్సింది మరొకరు. 'గవ్ డాట్ ఇన్' గడప దగ్గర నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ కాపలా ఉంటుంది. ప్రభుత్వ సంస్థ అని అధికారిక పత్రం చూపించనిదే లోపలికి రానివ్వరు. అడ్డగీతకు ఆ బాధ లేదు. అది ఉత్త అక్షరం లాంటిది. 'ఏపీ-గవ్' అని గీతలతో రాసుకున్న పేరుకు ప్రభుత్వంతో సంబంధం ఉండక్కర్లేదు. డాట్ ఆర్గ్ పేరును ప్రపంచంలో ఎవరైనా డబ్బు కట్టి తీసుకోవచ్చు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని సామెత. ఇక్కడ ఆ ఇంటిపేరు కూడా అరువుదే.

ఇంకో మోసం ఉంది. అసలు పేరంతా ముందు పెట్టి, దాని తర్వాత చుక్క పెట్టి తమ పేరు తగిలిస్తారు. 'షార్ డాట్ గవ్ డాట్ ఇన్' అని కనబడగానే మనం తృప్తిపడిపోతాం. దాని వెనక మరో డాట్, ఇంకేదో డాట్ కామ్ ఉన్నాయనుకోండి, ఆ ఇల్లు ఆ డాట్ కామ్ వాడిదే. కాబట్టి మొదటి ఏటవాలు గీత వచ్చేదాకా చదవాలి. దానికి సరిగ్గా ముందున్నదే ఇంటిపేరు. సెల్‌ఫోన్‌లో పొడుగాటి చిరునామా సగమే కనబడుతుంది. పట్టీ మీద వేలు పెట్టి పూర్తిగా చూడటానికి ఎంతసేపు పడుతుంది గనక!

మరి డాట్ ఇన్ అని ఉంటే చాలా? చాలదు. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన దేశానికి డాట్ ఇన్ దక్కింది 1989 మే నెలలో. దేశానికో రెండక్షరాల గుర్తు అనే అంతర్జాతీయ జాబితా ఒకటుంది, అందులోంచి వచ్చిందే ఈ 'ఇన్'. చాలాకాలం దాన్ని ముంబయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ చూసుకునేది. నిబంధనలు బిగువు. 1992 నుంచి 2004 దాకా పన్నెండేళ్లలో నమోదైన పేర్లు 7 వేలే! ఊళ్లో ఎవరు వ్యాపారం పెట్టినా డాట్ కామ్ వైపు చూసిన రోజులవి. ఇస్రో సైతం చాలా ఏళ్లు ఇస్రో డాట్ ఆర్గ్ పేరుతో ఉండి, ఆ తర్వాతే గవ్ డాట్ ఇన్‌లోకి వచ్చింది. టీటీడీ కూడా ఒకప్పుడు తిరుమల డాట్ ఆర్గే.

2005లో తలుపులు బార్లా తెరిచారు. బాధ్యత నిక్సీకి, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియాకు ఇచ్చారు. ముందుగా జనవరిలో ట్రేడ్‌మార్కులున్నవాళ్లకు అవకాశం. ఫిబ్రవరి 16 నుంచి అందరికీ. 2010 మార్చి నాటికి పేర్లు 6 లక్షలు దాటాయి. వాటిలో ఇండియా నుంచి నమోదైనవి 60 శాతమే. మిగతావన్నీ విదేశాల నుంచి. డాట్ ఇన్ తీసుకోవడానికి ఇండియాలో ఉండక్కర్లేదు మరి.

ఇది మనకొక్కరికే పరిమితం కాదు. పసిఫిక్‌లోని బుల్లి దేశం తువాలుకు దక్కిన గుర్తు 'టీవీ'. టెలివిజన్ వాళ్లంతా దాని వెంటపడ్డారు. కరీబియన్ దీవి ఆంగ్విలా గుర్తు 'ఏఐ'. కృత్రిమ మేధ పుణ్యమా అని 2023లో ఆ దీవి ప్రభుత్వ ఆదాయంలో ఐదోవంతుకు పైగా ఈ పేర్ల అమ్మకం మీదే వచ్చింది. కలిసొచ్చే కాలమొస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడంటారే, అలాగ!

ఇప్పుడు సూళ్లూరుపేటలో ఎవరో చిన్న లాడ్జి పెట్టారనుకుందాం. రాకెట్లు చూడ్డానికి వచ్చేవాళ్లు, చలికాలంలో నేలపట్టు పక్షుల కోసం వచ్చేవాళ్లు ఫోన్‌లో వెతుక్కుంటూ వస్తారు. డాట్ ఇన్ పేరు కావాలంటే నిక్సీ గుర్తించిన రిజిస్ట్రార్ల సైట్లలో ఒకదానికి వెళ్లి, ఆ పేరు ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత... ఇంతే వాడాలి. 63 అక్షరాలకు మించకూడదు (అంత పొడుగు పేరు పెట్టుకున్న లాడ్జికి ఎవరొస్తారన్నది వేరే సంగతి). ఏడాది నుంచి పదేళ్ల దాకా తీసుకోవచ్చు. ఏడాదికి ఖర్చు కొన్ని వందల రూపాయలు. మొదటి ఏడాది చవకగా చూపించి, రెండో ఏడాది నుంచి పెంచేవాళ్లుంటారు, ఆ ధర కూడా ముందే చూసుకోవడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ వదిలేసేది ఒకటుంది. ఆ పేరు ఎవరి పేరు మీద నమోదవుతోంది? లాడ్జి యజమాని తీరిక లేక 'నువ్వే చూసుకో నాయనా' అని వెబ్‌సైటు తయారుచేసే కుర్రాడికి అప్పజెప్పేస్తాడు. ఆ కుర్రాడు తన ఈ-మెయిల్‌తో, తన పేరుతో తీసేసుకుంటాడు. అందులో దురుద్దేశమేమీ ఉండకపోవచ్చు. రెండేళ్లకు అతను బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోతాడు. గడువు తీరుతోందన్న హెచ్చరికలు అతని పాత మెయిల్‌కు పోతుంటాయి. ఒకరోజు లాడ్జి సైటు తెరుచుకోదు. గడువు దాటాక కొన్నాళ్ల వెసులుబాటు ఉన్నా, అదీ అయిపోతే ఆ పేరు మళ్లీ సంతలోకొస్తుంది. బోర్డుల మీద, కార్డుల మీద అచ్చేసుకున్న పేరును ఇంకెవరో పట్టుకుపోతే చేయగలిగింది తక్కువ. స్థలం కొని పక్కింటాయన పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఇదీ రిజిస్ట్రేషనే.

కావాలనే ఎవరైనా మన పేరును పోలిన పేరు తీసుకుంటే దారి లేకపోలేదు. డాట్ ఇన్ వివాదాలకు నిక్సీ మధ్యవర్తిని నియమిస్తుంది. అవతలివాళ్లకు ఆ పేరు మీద హక్కు లేదని, చెడు ఉద్దేశంతో తీసుకున్నారని రుజువైతే పేరు రద్దు చేయవచ్చు, లేదా అసలువాళ్లకు ఇప్పించవచ్చు. దీనికి ముందే 2004లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. అందులో ఒక పక్షం మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ నుంచి పుట్టిన సత్యం ఇన్ఫోవే. ఆ రెండు మాటల ముక్కలు కలిపి వాళ్లు అల్లుకున్న పేరు 'సిఫీ'. ఇంకో సంస్థ ఇంగ్లిషులో ఒక 'ఎఫ్' అదనంగా వేసి దాదాపు అదే పేరు పెట్టుకుంది. పలికితే రెండూ ఒకటే. వెబ్ పేరు ఉత్త చిరునామా కాదని, వ్యాపార గుర్తులకున్న రక్షణ దానికీ వర్తిస్తుందని కోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పిచ్చింది.

ఎవరైనా కొనుక్కోగలిగే పేర్లు ఇన్ని పెరిగాక, ఎవరుపడితే వాళ్లు కొనలేని గడపలకు విలువ పెరిగింది. విద్యాసంస్థలకు ఏసీ డాట్ ఇన్, సైన్యానికి మిల్ డాట్ ఇన్ ఎప్పటి నుంచో ఉన్నాయి. ఈమధ్య వచ్చింది బ్యాంక్ డాట్ ఇన్. బ్యాంకుల పేరుతో జరిగే మోసాలు చూసి చూసి, 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ ఈ ఇంటిపేరులోకి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పేర్లు ఇచ్చే అధికారం ఒక్కరికే ఉంది... హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీకి. స్టేట్ బ్యాంకు ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. ఖాతా ఏ బ్యాంకులో ఉన్నా, లావాదేవీ చేసే ముందు ఆ చివరి రెండు మాటలూ ఉన్నాయో లేదో చూసుకోవడం ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పడం కష్టమేమీ కాదు. మధ్యలో ఉన్నది చుక్కా, గీతా అన్నది మాత్రం కళ్లజోడు పెట్టుకునే చూడమనాలి.