కుంచము క్రింద దీపము



ఇంగ్లీషులో ఉత్తరాలు, వ్యాసాలు రాసే మన పిల్లలకు తరచు ఎదురయ్యే జాతీయం ‘హైడ్ యువర్ లైట్ అండర్ ఎ బుషెల్’. ఇది మనకు పరాయిది కాదు. మత్తయి సువార్త 5:15లో ప్రభువు చెప్పిన పోలికే. విలియం టిండేల్ 1526లో అచ్చువేయించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధనలో ‘బుషెల్’ అనే మాట ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులోనూ అదే నిలిచింది.

బుషెల్ అంటే ధాన్యపు కొలత. ఇంగ్లాండులో అది 36 లీటర్లకు పైమాటే. సువార్తలోని గ్రీకు మాట ‘మోదియోస్’ మాత్రం సుమారు 9 లీటర్లు పట్టే కొలపాత్ర. దీపం మీద బోర్లించడానికి వీలైనది. మన తెలుగు బైబిలులోని ‘కుంచము’ ఆ పోలికకు చక్కగా అతికింది.

రాసేటప్పుడు జాగ్రత్త! ‘బుషెల్’ను ‘బుష్’ అని రాస్తే పొద అవుతుంది. ‘యువర్’ బదులు మనిషిని బట్టి ‘మై’, ‘హిజ్’, ‘హర్’ రావాలి.

అన్నిటికంటె ముఖ్యం అర్థం. దేవుడిచ్చిన మంచిని, తలాంతును బిడియంతో దాచుకోవడమే ఈ మాటకు భావం. చక్కగా పాడగల చెల్లెలు పాటల బృందంలో చేరకుండా వెనుక చాపమీద కూర్చుంటే ఇది సరిపోతుంది. సంఘపు లెక్కల్లో తేడాను కప్పిపెడితే సరిపోదు. దానికి ‘స్వీప్ అండర్ ది కార్పెట్’ అనాలి. అంటే ఊడ్చిన చెత్తను తివాచీ క్రిందికి నెట్టడం. రెండూ దాచడమే. కాని ఒకచోట దాగింది దీపం, మరొకచోట చెత్త. లెక్క దాచినవాని గూర్చి ‘బుషెల్’ అని రాస్తే, తప్పు చేసినవానికి అణకువ గలవాడని పేరు పెట్టినట్టే.

మరి ధర్మం రహస్యంగా చేయమని 6వ అధ్యాయంలో ప్రభువే చెప్పాడు కదా అంటారేమో. అక్కడ ఆయన వద్దన్నది మనుష్యుల మెప్పుకోసం చేసే ధర్మాన్ని. 5:16 ప్రకారం మన వెలుగు చూసినవారు మహిమపరచవలసింది పరలోకపు తండ్రిని. మెప్పు ఎవరికి చెందుతుందన్నదే తేడా.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒకరినొకరు అడగండి: మన యింట కుంచము క్రింద ఉన్న దీపమేది? తివాచీ క్రింద ఉన్న చెత్త ఏది? మొదటిదాన్ని దీపస్తంభం మీద పెట్టండి. రెండవదాన్ని ప్రభువు ఎదుట ఒప్పుకొని విడిచిపెట్టండి. సామెతలు 28:13 చెప్పే కనికరం అట్టివారికే.