బార్బేరియన్ ‘రేజ్’ రెసిస్టెన్స్: పేపర్ మీద సగం డ్యామేజ్.. టేబుల్ మీద నిజంగా పనికొస్తుందా?

ఫోన్ బాక్స్ మీద ఐపీ68 అని కనపడగానే చాలామంది "ఇక ఈ ఫోన్‌కి ఏం కాదు" అని ఫిక్స్ అయిపోతారు. కానీ ఆ రేటింగ్ చెప్పేది దుమ్ము, నీళ్ల గురించి మాత్రమే. అదే ఫోన్ చేతిలోంచి జారి టైల్స్ మీద పడితే ఐపీ68 ఏమీ చేయలేదు. ప్రొటెక్షన్ ఎంత స్ట్రాంగ్ అన్నది సగం ప్రశ్నే. మనకి రోజూ తగిలే దెబ్బలు అది ఆపే రకానివేనా అన్నది మిగతా సగం.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ల మధ్య బార్బేరియన్ క్లాస్ మీద నడిచే గొడవ కూడా ఇదే. "రేజ్‌లో ఉంటే దెబ్బ సగమే తగులుతుంది, ఇంతకంటే మంచి ట్యాంక్ లేదు" అని ఒక బ్యాచ్. "ఒక్క ఫైర్‌బాల్ పడితే బూడిదే, ఫుల్ ఓవర్‌రేటెడ్" అని ఇంకో బ్యాచ్. నేను రెండేళ్లుగా శనివారం రాత్రుళ్లు ఫ్రెండ్స్‌తో డిస్కార్డ్‌లో ఈ గేమ్ ఆడుతున్నా. నా ఒపీనియన్ ముందే చెప్పేస్తా: ఈ రెసిస్టెన్స్ చాలా పనికొస్తుంది. కాకపోతే చాలామంది చెప్పే కారణానికి కాదు.

అసలు ఫీచర్ ఏంటి?

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడిపిస్తారు, మిగతావాళ్లు ఒక్కో క్యారెక్టర్ ఆడతారు, గెలుపోటములు 20 ముఖాల డైస్ తేలుస్తుంది. 2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్లకి ఈ రూల్స్ ఇప్పటికే చాలావరకు తెలుసు. ఆ గేమ్ 2014 నాటి ఐదో ఎడిషన్ మీదే కట్టింది. అందులో కార్లాక్ ఉంది చూశారా, ఆమే బార్బేరియన్.

2014 రూల్స్ ప్రకారం, బార్బేరియన్ తన టర్న్‌లో బోనస్ యాక్షన్ వాడి రేజ్‌లోకి వెళ్తే ఒక నిమిషం పాటు మూడు రకాల దెబ్బలు సగానికి పడిపోతాయి: మొద్దు ఆయుధాలతో కొట్టేవి, గుచ్చేవి, కోసేవి. అంటే గద, బాణం, కత్తి, పులి పంజా అన్నీ ఇందులోకే వస్తాయి. హెవీ ఆర్మర్ వేసుకుంటే మాత్రం ఈ లాభం రాదు. రేజ్‌లో ఉండగా మంత్రాలు వేయడం కూడా కుదరదు.

పాత ఎడిషన్‌లో ఎందుకు తుస్సుమంది?

"డ్యామేజ్ తగ్గించే ఫీచర్ వేస్ట్" అనే మాట ఊరికే పుట్టలేదు. 2003లో వచ్చిన 3.5 ఎడిషన్‌లో బార్బేరియన్‌కి ఏడో లెవెల్‌లో ప్రతి దెబ్బ నుంచి 1 పాయింట్ తగ్గేది. తర్వాత మూడు లెవెల్స్‌కి ఒకసారి ఇంకో పాయింట్. 19వ లెవెల్‌కి చేరితే మొత్తం 5.

ఆ ఎడిషన్‌లో ఆగర్ గద దెబ్బ సగటున 16. ఏడు లెవెల్స్ కష్టపడ్డాక అది 15 అవుతుంది. ఆరు శాతం తగ్గింపు! వెయ్యి రూపాయల బిల్లు మీద అరవై రూపాయల కూపన్ ఇచ్చి "బిగ్ సేవింగ్స్ డే" అన్నట్టు. చిన్న చిన్న దెబ్బలు గుంపుగా పడితే ఫిక్స్‌డ్ తగ్గింపు బాగానే పనిచేస్తుంది. కానీ లెవెల్ పెరిగేకొద్దీ శత్రువులు పెద్ద దెబ్బలే కొడతారు. ప్రొటెక్షన్ కంటే దెబ్బ స్పీడ్‌గా పెరుగుతుంది.

ఐదో ఎడిషన్ ఈ లెక్కనే మార్చేసింది. ఫిక్స్‌డ్ నంబర్ తీసేసి "సగం" చేసింది, అదీ మొదటి లెవెల్ నుంచే. దెబ్బ ఎంత పెద్దదైతే తగ్గింపు కూడా అంత పెద్దది. కాబట్టి పాత ఎడిషన్ మీద వచ్చిన కంప్లైంట్‌ని ఇప్పటి బార్బేరియన్ మీద వేయడం కరెక్ట్ కాదు.

కాలిక్యులేటర్ ఏం చెప్తుంది?

ఐదో లెవెల్‌లో ఇద్దరిని పక్కపక్కన పెడదాం. ఇద్దరికీ కాన్‌స్టిట్యూషన్ 16, స్ట్రెంత్ 18 అనుకోండి.

బార్బేరియన్: 55 హిట్ పాయింట్లు. డెక్స్‌టెరిటీ 14తో ఆర్మర్ లేకుండా ఆర్మర్ క్లాస్ 15. చేతిలో గ్రేట్‌స్వోర్డ్.

ఫైటర్: 49 హిట్ పాయింట్లు. ప్లేట్ ఆర్మర్, షీల్డ్ కలిపి ఆర్మర్ క్లాస్ 20. చేతిలో లాంగ్‌స్వోర్డ్, డ్యూయెలింగ్ స్టైల్.

ఎదురుగా ఆగర్. దాని అటాక్ బోనస్ 6, దెబ్బ సగటున 13. క్రిటికల్స్ పక్కన పెట్టి లెక్క చూద్దాం.

ఫైటర్ మీద ఆగర్ దెబ్బ తగిలే ఛాన్స్ 35 శాతం, అంటే ఒక్కో అటాక్‌కి సగటున 4.55 డ్యామేజ్. సుమారు 11 అటాక్స్ తట్టుకుంటాడు.

రేజ్ లేని బార్బేరియన్ మీద ఛాన్స్ 60 శాతం, సగటు 7.8. ఏడు అటాక్స్‌కే ఖాళీ. రేజ్ ఆన్ చేస్తే ఆ 7.8 కాస్తా 3.9 అవుతుంది, 14 అటాక్స్ నిలబడతాడు.

ఒంటి మీద ఇనుప ముక్క లేకుండా, ఫుల్ ప్లేట్ వేసుకున్న ఫైటర్ కంటే ఎక్కువసేపు నిలబడుతున్నాడన్నమాట. ఇక్కడితో ఆగితే "బెస్ట్ ట్యాంక్" బ్యాచ్ గెలిచినట్టే. కానీ అసలు సంగతి ఇంకా ఉంది.

కొట్టడానికి శత్రువు రావాలి కదా!

ఆన్‌లైన్ గేమ్స్‌లో ట్యాంక్ ఒక బటన్ నొక్కితే శత్రువులంతా అతని మీదకే వస్తారు. టేబుల్‌టాప్‌లో అలాంటి బటన్ మామూలుగా ఉండదు. ఆగర్‌ని నడిపేది డంజన్ మాస్టర్. కండలు తిరిగిన వాడిని కొడితే సగమే తగులుతోందని తెలిశాక, వెనకాల నిలబడ్డ బక్కపల్చటి విజర్డ్ మీదకి ఎందుకు పోడు? రెసిస్టెన్స్ ఎంత గొప్పదైనా, మనల్ని ఎవరూ కొట్టకపోతే దాని విలువ సున్నా.

ఇక్కడే రెండో లెవెల్‌లో వచ్చే రెక్‌లెస్ అటాక్ సీన్‌లోకి వస్తుంది. ఇది వాడితే మనం కొట్టేటప్పుడు రెండు డైస్ వేసి పెద్దది తీసుకుంటాం. బదులుగా మన తర్వాతి టర్న్ దాకా శత్రువులకి కూడా మన మీద అదే లాభం దొరుకుతుంది. అంటే "రా రా, నన్ను కొట్టు, ఈజీగా తగులుతుంది" అని మనమే పిలుస్తున్నాం.

మళ్లీ లెక్క చూడండి. రెక్‌లెస్‌గా ఆడితే ఆగర్ దెబ్బ తగిలే ఛాన్స్ 84 శాతానికి పోతుంది. రేజ్‌లో ఉంటే అటాక్‌కి 5.46 డ్యామేజ్, అంటే పది అటాక్స్ తట్టుకుంటాడు. దాదాపు ఫైటర్‌తో సమానం. రేజ్ లేకుండా ఇలా ఆడితే ఐదు అటాక్స్‌కే నేలమీద ఉంటాడు.

ఇప్పుడు కొట్టే వైపు చూద్దాం. ఆర్మర్ క్లాస్ 15 ఉన్న శత్రువు మీద రెక్‌లెస్ బార్బేరియన్ టర్న్‌కి సగటున 22.8 డ్యామేజ్ ఇస్తాడు. షీల్డ్ పట్టుకున్న ఫైటర్ 13.7 దగ్గర ఆగిపోతాడు. ఫైటర్‌కి సెకండ్ విండ్, యాక్షన్ సర్జ్ లాంటివి ఉన్నాయి, కాదనను. కానీ అవి రెస్ట్‌కి ఒక్కసారే. ప్రతి టర్న్ లెక్క తీసుకుంటే, దాదాపు అంతే సేపు నిలబడి మూడింట రెండు వంతులు ఎక్కువగా కొడుతున్నది బార్బేరియన్.

నా పాయింట్ ఇదే. రేజ్ రెసిస్టెన్స్‌ని డిఫెన్స్ ఫీచర్‌గా చూస్తే దాని విలువ సగమే కనపడుతుంది. అది మన బడ్జెట్. ఆ బడ్జెట్‌ని రెక్‌లెస్ అటాక్ మీద ఖర్చు పెడితేనే శత్రువు మన వైపు తిరుగుతాడు, విజర్డ్ బతుకుతాడు, మన కత్తి కూడా గట్టిగా తగులుతుంది. దాచుకుని కూర్చుంటే ఏం లాభం లేదు.

స్పెక్ షీట్‌లో కనపడని లాభాలు

ఒకటి, హీలింగ్. ఫ్రెండ్ ఒక మంత్రం వేసి 8 హిట్ పాయింట్లు ఇచ్చాడనుకోండి. దెబ్బలు సగమే తగిలే వాడికి ఆ 8 పాయింట్లు 16తో సమానం. క్లెరిక్ పడే కష్టానికి పార్టీలో ఎక్కువ రిటర్న్ వచ్చేది ఇక్కడే.

రెండు, క్రిటికల్ హిట్. ఆర్మర్ క్లాస్ ఎంత పెంచినా డైస్ మీద 20 పడితే దెబ్బ తగలాల్సిందే. ఆగర్ క్రిటికల్ సగటున 22. రేజ్ దాన్ని 11 చేస్తుంది. ఆర్మర్ క్లాస్ లాటరీ లాంటిది, రెసిస్టెన్స్ గ్యారంటీ.

మూడు, ఎత్తు నుంచి పడటం. పడితే తగిలేది కూడా మొద్దు దెబ్బే కాబట్టి అదీ సగమే. కోట గోడ మీంచి కిందున్న శత్రువుల మధ్యకి దూకే హీరో ఎంట్రీకి ఈ క్లాస్‌ని మించింది లేదు.

మైనస్‌లు కూడా మాట్లాడుకుందాం

ఫైర్‌బాల్ సగటు డ్యామేజ్ 28. నిప్పుకి రేజ్ పనిచేయదు. తప్పించుకోలేకపోతే ఐదో లెవెల్ బార్బేరియన్ ఒక్క దెబ్బకి సగం ఖాళీ. డేంజర్ సెన్స్ వల్ల తప్పించుకునే ఛాన్స్ పెరుగుతుంది గానీ అది గ్యారంటీ కాదు. ఇక మనసుని పట్టేసే మంత్రాలు వస్తే హిట్ పాయింట్ల ఊసే లేదు, కదలకుండా నిలబడిపోవడమే.

రేజ్‌కి కౌంట్ కూడా ఉంది. ఐదో లెవెల్‌లో లాంగ్ రెస్ట్‌కి మూడు సార్లే. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఫైట్ల అంచనాతో రాశారు. అలా ఆడే టేబుల్‌లో సగానికి పైగా ఫైట్లలో ఈ ఫీచర్ ఆఫ్. రోజుకి రెండు మూడు ఫైట్లతో ముగించే టేబుల్‌లో ఎప్పుడూ ఆన్. అదే క్లాస్, రెండు వేరే బ్యాటరీ లైఫ్‌లు. పైగా మన టర్న్ రాకముందే శత్రువులు మీద పడితే మొదటి రౌండ్ ఫుల్ డ్యామేజ్ తినాల్సిందే.

ఒక టర్న్‌లో ఎవర్నీ కొట్టక, దెబ్బా తినకపోతే రేజ్ ఆరిపోవడం ఇంకో చిరాకు. 2024 కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దీన్ని బాగానే సరిచేసింది. బోనస్ యాక్షన్ ఖర్చు పెట్టి రేజ్ కొనసాగించవచ్చు, పది నిమిషాల దాకా. షార్ట్ రెస్ట్‌కి ఒక రేజ్ తిరిగి వస్తుంది. అదే పుస్తకంలో బేర్ ఆప్షన్‌కి మాత్రం కోత పెట్టారు. 2014లో సైకిక్ తప్ప అన్ని రకాల డ్యామేజ్ సగమయ్యేది. ఇప్పుడు ఫోర్స్, నెక్రోటిక్, రేడియంట్ కూడా మినహాయింపుల్లో చేరాయి.

డంజన్ మాస్టర్లకి ఒక మాట

నాకు ఈ టాపిక్ మీద రాయాలనిపించింది లెక్కల కోసం కాదు. మా పాత గ్రూప్‌లోకి ఒక ఫ్రెండ్ కొత్తగా వచ్చింది. "బిగినర్‌కి ఇదే ఈజీ" అని తనకి బార్బేరియన్ ఇచ్చారు. మొదటి రెండు సెషన్లు రేజ్‌తో దుమ్ము లేపింది. ఆ తర్వాత వరసగా మూడు వారాలు వచ్చిన శత్రువులందరూ గాల్లో ఎగిరేవాళ్లు, నిప్పు విసిరేవాళ్లు, మనసు పట్టేసేవాళ్లు. "బ్యాలెన్స్ కోసం" అన్నాడు డంజన్ మాస్టర్. నాలుగో వారం తను రాలేదు. ఫోన్ చేస్తే ఒక్కటే అడిగింది: "పనిచేయనివ్వనప్పుడు ఆ ఫీచర్ ఎందుకిచ్చార్రా?"

నా దగ్గర జవాబు లేదు. వారమంతా ఆఫీసు చేసి, మిగిలిన ఒక్క రాత్రిలో నాలుగు గంటలు ఈ గేమ్‌కి ఇస్తాం. ఆ నాలుగు గంటలూ చూస్తూ కూర్చోవాలంటే ఎవరికైనా విసుగే. ఎప్పుడో ఒకసారి మెంటలిస్ట్ విలన్ రావడం కథకి మంచిదే, బలవంతుడికి కూడా భయం తెలియాలి. ప్రతి వారం అదే అయితే అది బ్యాలెన్స్ కాదు, ఫీచర్‌ని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తీసేయడం. బార్బేరియన్ ఉన్న టేబుల్‌లో అప్పుడప్పుడూ ఐదారుగురు గొడ్డళ్లు పట్టుకుని అతని మీదకే పరిగెత్తుకు రావాలి. అతను సగం దెబ్బలు తిని నవ్వాలి. ఆ ఫీచర్ ఉన్నది ఆ సీన్ కోసమే.

ఫైనల్ వెర్డిక్ట్

ముందుకెళ్లి కొట్టడం ఇష్టమా, మీ టేబుల్‌లో రోజుకి ఫైట్లు తక్కువా, పార్టీలో హీలర్ ఉన్నారా? కళ్లు మూసుకుని బార్బేరియన్ తీసుకోండి, రెండో లెవెల్ నుంచి రెక్‌లెస్‌గా ఆడండి. సెంటినెల్ ఫీట్ కూడా తీసుకుంటే మీ పక్క నుంచి జారుకునే శత్రువుని అక్కడే ఆపేయొచ్చు.

దూరం నుంచి బాణాలు వేయడం ఇష్టమైనా, మీ డంజన్ మాస్టర్‌కి మాంత్రికులంటే మరీ ప్రేమ ఉన్నా ఫైటర్ బెటర్.

ఇక క్యారెక్టర్ షీట్ నింపే ముందు డంజన్ మాస్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "మన కథలో శత్రువులు ఎక్కువగా కత్తులతో వస్తారా, మంత్రాలతో వస్తారా?" ఫోన్ కొనే ముందు సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అడుగుతాం కదా. ఇదీ అంతే అవసరం.