జ్ఞాపకార్థ కూడికలో అమ్మ గురించి ఏం చెబుతున్నాం?



పామర్రు నుండి చల్లపల్లి వెళ్లే రోడ్డు మీద మలుపు మలుపుకీ ఏదో ఒక ఫ్లెక్సీ కనబడుతుంది. వాటిలో కొన్ని మనవే. మధ్యలో ఒక తల్లి ఫోటో, పైన దైవసేవకుల ఫోటోలు, కింద కొడుకులు, కోడళ్లు, మనవలు. "ప్రథమ జ్ఞాపకార్థ కూడిక" అని పెద్ద అక్షరాలు. షామియానా, మైకు సెట్టు, భోజనాలు. వాక్యం గంటన్నర. పునరుత్థానం గురించి మంచి వాక్యమే. కాని ఆ గంటన్నరలో ఆ తల్లి గురించి వచ్చేది ఒకటే మాట: "ఆమె గొప్ప ప్రార్థనాపరురాలు." ఆ మాట ఎవరి కూడికలోనైనా చెప్పవచ్చు. పేరు మారిస్తే సరిపోతుంది.

భోజనాల మీద నాకు అభ్యంతరం లేదు. దూరం నుండి వచ్చిన చుట్టాలకు అన్నం పెట్టాలి. నా బాధ వేరు. బైబిలులో జ్ఞాపకార్థ కూడిక లాంటిది ఒకటి ఉంది, దాన్ని మనం సరిగా చూడడం లేదు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం తీయండి. యొప్పేలో దొర్కా చనిపోయింది. పేతురు వచ్చేసరికి మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ నిలబడ్డారు. వాళ్లు ప్రసంగం చేయలేదు, ఆమె ఎంత భక్తిపరురాలో వర్ణించలేదు. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు తెచ్చి చూపించారు. వాళ్ల సాక్ష్యం ఆ బట్టలే. ఎవరికి ఏ అంగీ కుట్టిందో వాళ్లకే తెలుసు. పేతురు ఆ తరువాత వాళ్లను బయటికి పంపి మోకాళ్లూనాడు, నిజమే. కాని "విశ్వాసులై ఉండి ఏడుస్తారేంటి" అని ఎవరినీ గద్దించినట్టు అక్కడ రాయలేదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, తల్లి శవం దగ్గర ఏడుస్తున్న కూతురితో "ఏడవకూడదమ్మా, సాక్ష్యం పోతుంది" అని చెప్పే పెద్దలు మనలో ఉన్నారు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసుప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నాడు. థెస్సలొనీకయులకు పౌలు రాసింది నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దని. అసలు దుఃఖపడవద్దని కాదు. ఏడవనివ్వండి.

మార్కు 14లో ఒక స్త్రీ ప్రభువు తల మీద అత్తరు పోసింది. సువార్త ఎక్కడ ప్రకటించినా ఆమె చేసిన పని కూడా ఆమె జ్ఞాపకార్థంగా చెబుతారని ప్రభువే అన్నాడు. జ్ఞాపకార్థం అంటే ఏం చెప్పాలో ఆ మాటలోనే ఉంది: ఆమె చేసిన పని.

మా అమ్మ ప్రభువునందు నిద్రించి తొమ్మిదేళ్లయింది. ఆమె గురించి నేను చెప్పగలిగింది ఇది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పాల డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్లేది. కూలి దొరకని రోజుల్లో, మాకు గంజే మిగిలిన రోజుల్లో కూడా ఆ డబ్బా మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. "అది మనది కాదురా" అనేది, అంతే. మినుము తీతలప్పుడు మంచు ఆరితే కాయ చిట్లిపోతుందని చీకటితోనే చేలోకి దిగేవాళ్లు. బయలుదేరే ముందు మమ్మల్ని లేపి, నిద్రకళ్లతోనే మోకాళ్ల మీద కూర్చోబెట్టేది. ఆమెకు చదువు రాదు. కాని నేను 103వ కీర్తన చదువుతూ ఒక వచనం దాటేస్తే పొయ్యి దగ్గర నుండే పట్టుకునేది. సెమినరీలో నాకు ఎందరో పాఠం చెప్పారు, అంత జాగ్రత్తగా విన్నవాళ్లు తక్కువ.

పిడికెడు బియ్యం మా అమ్మ ఒక్కతే తీయలేదు. మన గుళ్లు చాలావరకు ఇలాంటి కూలి తల్లుల డబ్బాలతోనే నిలబడ్డాయి. మిజోరంలో సంఘ స్త్రీలు ఇదే పని చేస్తారు, వాళ్ల సంఘాలు ఆ లెక్కలు కూడా రాసిపెట్టుకుంటాయి. మన గుళ్లలో సున్నం, ఫ్యాను, బల్ల ఇచ్చినవారి పేర్లు వాటి మీదే ఉంటాయి. బియ్యం ఇచ్చినవారి పేర్లు ఎక్కడున్నాయి?

కూచిపూడి అంటే లోకానికి నాట్యం. సిద్ధేంద్ర యోగి పేరు, భామాకలాపం పేరు తరతరాలుగా నిలిచాయి, ఆ కుటుంబాలు తమ గురువుల పేర్లు వరసగా చెప్పుకుంటాయి. మంచిదే, నేర్చుకోవలసిందే. ఆ ఊరి చుట్టూ పొలాల్లో నాట్లు వేసిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు. ఒకసారి భూస్థాపన రిజిస్టరులో రాయడానికి "అమ్మ పేరేంటి నాయనా" అని అడిగితే, కొడుకులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరంతా ఆమెను పెద్దవాడి పేరు పెట్టి "ఫలానావాడి అమ్మ" అనే పిలిచింది. చివరికి పక్కింటి ముసలమ్మ చెప్పింది. పౌలు చెరసాలలో ఉండి కూడా తిమోతి అవ్వ పేరు లోయి అని, తల్లి పేరు యునీకే అని గుర్తుపెట్టుకుని రాశాడు.

మే నెల రెండో ఆదివారం మన ఫోన్లన్నీ అమ్మ ఫోటోలతో నిండిపోతాయి. ఆ రోజు మొదలైంది కూడా గుడిలో జరిగిన ఒక జ్ఞాపకార్థ కూడికతోనే. 1908 మే 10న అమెరికాలోని గ్రాఫ్టన్ అనే ఊళ్లో, మెథడిస్టు చర్చిలో, అన్నా జార్విస్ అనే కూతురు తన తల్లి జ్ఞాపకార్థం ఆరాధన పెట్టించి, 500 తెల్లని పూలు పంపించింది. ఆ తల్లి ఆ గుడిలోనే సండేస్కూలు చెప్పిన మనిషి. కన్న బిడ్డల్లో ఎక్కువమందిని చిన్నతనంలోనే మట్టిలో పెట్టింది. ఇతరుల బిడ్డలైనా బతకాలని ఊళ్లలో తల్లులను కూడగట్టి శుభ్రత గురించి నేర్పింది. లోకం పూలు పట్టుకుంది, పని వదిలేసింది. పూలు, కార్డుల వ్యాపారం మీద అదే కూతురు జీవితాంతం పోరాడింది.

నవంబరు 2న సమాధుల పండుగ వస్తుంది. సమాధులకు సున్నం వేయడం తప్పా అయ్యగారూ అని అడుగుతుంటారు. తప్పు కాదు. చనిపోయినవారి కోసం మనం ప్రార్థించం, వారు దేవుని చేతిలో ఉన్నారు. వారిని ఇచ్చినందుకు స్తుతిస్తాం. అయితే ఈసారి కొవ్వొత్తులతో పాటు పిల్లలను కూడా తీసుకురండి. నాయనమ్మ పేరు, ఆమె పుట్టినూరు, ఆమె చేసిన ఒక పని, సమాధి దగ్గర నిలబడి వాళ్లకు చెప్పండి. ఒక్క పని చాలు, అది మాత్రం నిజంగా జరిగినదై ఉండాలి.

గుడిలో వేదిక పక్క బల్ల మీద పొడుగు పుస్తకం ఒకటి పెట్టించాను. ఒక్కొక్క తల్లికి ఒక పేజీ. రాయడం రానివారు ఆదివారం ఆరాధన అయ్యాక కాసేపు ఆగండి, యవ్వనస్థులు మీరు చెప్పింది రాసిపెడతారు. దూరాన ఉన్నవారు ఫోనులో చెప్పినా చాలు. మొదటి పేజీ మా అమ్మది కాదు, పేరు తెలియక కొడుకులు తడబడ్డ ఆ తల్లిది.