పనిబట్టల వెంట ఇంటికి వచ్చు ధూళి



మా వీథిలో ఒక వృద్ధ ముత్తైదువ కలరు. ఆమె భర్త యౌవనమున యుద్ధనౌకలలో బాయిలర్లకడ పనిచేసి, పిమ్మట విశాఖపట్టణముననే స్థిరపడిరి. ఇప్పుడు నాలుగు మెట్లెక్కినంతనే ఆయనకు ఆయాసము వచ్చుచున్నది. వయస్సు మీఱినదని ఇంటివారు సరిపెట్టుకొనిరి. మొన్న ఒక వైద్యుడు మాత్రము "తాతగారూ, చిన్ననాట తమరేమి పని చేసితిరి?" అని ప్రశ్నించెనట. నాటినుండి ఆమెకు నిద్ర లేదు. "అమ్మాయీ, నౌక మరమ్మతునకు రేవు చేరినపుడెల్ల ఆయన బట్టలు పెరటిలో దులిపి ఉతికినదానను నేనే. తెల్లని నూగు రాలుచుండెడిది. నాకును ఈ జబ్బు వచ్చునా?" అని నన్నడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము మనమందఱము తెలిసికొనదగినది.

ఆ నూగు ఆస్బెస్టాసు కావచ్చును. దీనిని మన భాషలో రాతినార యందురు. ఇది భూమినుండి త్రవ్వి తీయు ఖనిజమే యైనను నారవలె చీలును, నిప్పున కాలదు. మన కడప జిల్లాలో పులివెందుల ప్రాంతమునను దీని గనులుండెడివి. ఆవిరితో నడచు నౌకలలో బాయిలర్లకును గొట్టములకును, వేడిమి వెలికి పోకుండుటకై, దీనిని దట్టముగా చుట్టెడివారు. 1939-45 నడుమ జరిగిన ప్రపంచయుద్ధములో అమెరికా, బ్రిటను దేశముల యుద్ధనౌకలన్నిట ఇది మిక్కిలిగా వాడబడెను. మన విక్రాంతు నౌక ఆ యుద్ధకాలమున బ్రిటనులో నిర్మాణమారంభమై, 1961లో మన నౌకాదళమున చేరినదే. మన ఊరి నౌకానిర్మాణశాలకు 1941లో శంకుస్థాపన జరిగి, 1948లో జలఉష యను నౌక సముద్రప్రవేశము చేసెను. ఆ తరపు నౌకలలో రాతినార వాడుక ప్రపంచమంతట సామాన్యము.

చుట్టు చెడనంతకాలము భయము తక్కువ. పాతబడినదానిని ఊడదీయునపుడు కంటికగపడని పోగులు గాలిలో లేచి ఊపిరితో లోనికి పోవును. అవి కరగవు. వానివలన ఊపిరితిత్తులు గట్టిపడుట ఆస్బెస్టాసిస్ అనబడును. ఊపిరితిత్తుల క్యాన్సరును, వాని పైపొరకు వచ్చు మెసోథీలియోమా యను క్యాన్సరును కలుగవచ్చును. ఈ కడపటిది 20 మొదలు 50 ఏండ్లకు గాని సాధారణముగా బయటపడదు. కనుకనే పని మఱచిపోయిన తరువాత రోగము పలకరించును.

ఇక మన మాట. 1965లో లండనులో మ్యూరియల్ న్యూహౌస్ అను వైద్యురాలు మఱియొకరితో గూడి 76 మంది మెసోథీలియోమా రోగుల పూర్వచరిత్రలను పరిశీలించెను. వారిలో 9 మంది తాము రాతినార పని చేసినవారు కారు. ఆ పని చేయువారితో ఒక యింట నివసించినవారు. భర్తల పనిబట్టలు ఉతికిన ఇల్లాండ్రు వారిలో నుండిరి.

అట్లని బెదరవలదు. ధూళి సోకిన వారందఱికిని రోగము రాదు. కాని జాగ్రత్త మన చేతిలోనిది. నేటికిని పాత నౌకలను విప్పువారు, పాత ఆస్బెస్టాసు రేకులను పగులగొట్టువారు కలరు. అట్టివారు పనిబట్టలను పనిచోటనే విడిచి, స్నానముచేసి ఇల్లు చేరవలెను. అవి ఇంటికి వచ్చినచో దులుపరాదు. తడిపి, పిల్లల బట్టలతో కలుపక ఉతుకవలెను. పొగ త్రాగుట మానిపించుడు. రాతినారకు పొగ తోడైనచో క్యాన్సరు భయము ఎన్నోరెట్లు హెచ్చును.

1995లో మన సుప్రీముకోర్టు, రాతినార కర్మాగారములవారు పనివారి ఆరోగ్యపు లెక్కలను పని మొదలైన 40 ఏండ్లవరకో, పని మానిన 15 ఏండ్లవరకో, ఏది తరువాత వచ్చునో అంతవరకు భద్రపఱుపవలెనని శాసించెను. కర్మాగారమునకు విధించిన ఆ నియమమును మన గృహమునకును మనమే విధించుకొనరాదా?

నేనామెకు ఇదియే చెప్పితిని. మఱునాడు ఆ దంపతులు కూర్చుండి, పద్దుపుస్తకపు చివరిపుటలో ఆయన పనిచేసిన నౌకల పేర్లు, సంవత్సరములు, చేసిన పని, ఆమె బట్టలుతికిన కాలము వరుసగా వ్రాసిరి. ఆ పుటను వైద్యునికి చూపి, ఆమెయు తన ఊపిరితిత్తులను పరీక్షింపించుకొన నిశ్చయించిరి. మీ యిండ్లలో ఓడరేవున పనిచేసిన పెద్దలున్నచో, వారికి జ్ఞాపకమున్నపుడే అట్టి పుట యొకటి వ్రాసియుంచుడు.