కారణము తెలిసిన పిమ్మట

నాటి నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో, ఎడ్లు కాళ్లు బిగిసి అరక లాగలేకపోవుటను రైతులు గమనించిన కొన్నేండ్లకు, మనుష్యులకును పండ్లు గారలు కట్టి, వెన్ను వంగి, మెడ తిరుగకుండ చేయుచున్న వ్యాధికి బావినీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో షార్ట్ మొదలైన వైద్యశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1955లో డాక్టరు సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని ఇదే వ్యాధిని వర్ణించెను. ఆ ఏడాది డిసెంబరులోనే, ఆ జిల్లా అంచుననే, నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. ఎడమకాలువ మిర్యాలగూడెము, హుజూర్‌నగరముల పొలములను పచ్చగా చేసినది. మిట్టనున్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ ప్రాంతముల ప్రజలు మాత్రము బోరునీరే త్రాగిరి. కృష్ణా తాగునీటికై 2016లో మొదలైన మిషన్ భగీరథ వరకు వేచియుండవలసివచ్చిన పల్లెలు అచ్చట గలవు.

ఈ దీర్ఘకాలమున పరిశోధన నిద్రించినదని చెప్పుట అన్యాయము. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, ఫ్లోరైడు ప్రాంతములలో యువకుల మోకాళ్లు లోనికి వంగిపోవుచున్నవని లోకమునకు తెలిపిరి. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. కాని దినదినము మోతాదు కొలిచి కలుపుట, అడుగున చేరిన మడ్డిని తీసివేయుట, ఆ పనికి మనిషిని నియమించి జీతమిచ్చుట శాస్త్రజ్ఞుని చేతిలోని పనులు కావు; అవి ప్రభుత్వము పూనుకొనవలసినవి. వ్యాధి పేరు మోసిన జిల్లాకు చికిత్సాపద్ధతి పేరును దక్కినది గాని, నీరు దక్కుటకు తరములు గడచినవి.

ఒకే ఊరి నీరు అందరి ఎముకలను ఒకే తీరున వంచదు. పాలు, ఆకుకూరలు సమృద్ధిగా తిను దేహము కంటె కాల్షియము కొరవడిన దేహము ఎక్కువగా దెబ్బతినును. డబ్బానీరు కొనగలిగిన ఇల్లు కొంత తప్పించుకొనును. ఎండలో కూలిపని చేయువాడు ఎక్కువ నీరు త్రాగి, దానితో ఎక్కువ విషమును త్రాగును. ఆరోగ్యమున అసమానత యనగా నాకు మొదట స్ఫురించునది ఈ కూలివాని చెంబే.

ఫ్లోరైడు వ్యాధికి కారణము తెలిసినది; శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మాత్రము, కొబ్బరి, జీడితోటల నడుమ, ప్రజల మూత్రపిండములు చెడిపోవుటకు నిశ్చితమైన కారణము నేటికిని తేలలేదు. అయినను 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును, వంశధార నీటి పథకమును ప్రారంభించుట సముచితమైన పని. కారణము తేలువరకు మంచినీటిని ఆపనవసరము లేదు. దగ్గరలో వైద్యము లేనినాడు డయాలిసిసు కొరకు విశాఖపట్టణము పోవుటలో కూలి, బస్సుచార్జీ, తోడు వచ్చువాని కూలి కూడ పోవుచుండెడివి.

ప్రజాధనముతో ఒక ప్రాంతపు వ్యాధిపై జరిగిన ప్రతి పరిశోధనను నిర్ణీతకాలములో శాసనసభ ముందుంచి, ప్రభుత్వము ఏమి చేయునో, ఎన్నడు చేయునో చెప్పునట్లు చట్టము కావలెను. పరిశోధనకు రక్తమిచ్చిన పల్లెవారికి ఫలితమును తెలుగులో, గ్రామసభలో, వినిపింపవలెను. మరియొక మాట: కొళాయి వచ్చినంతమాత్రమున వంగిన వెన్ను నిలువదు. నీరు మారకముందు పుట్టినవారిని ఇంటింట గణించి, పింఛనుతో పాటు, నొప్పికి వైద్యమును, నడకకు సాధనములను వారి వాకిటికే చేర్చవలెను. వారిలో అనేకులిప్పుడు వృద్ధులు.