పండగ సెలవుల్లో ఇల్లు అమ్ముతారా?

సంక్రాంతికి ఊరు వెళ్లడమంటే గోదావరి జిల్లాల వారికి ఎంత సరదానో చెప్పక్కర్లేదు. అయితే కొన్ని ఇళ్లలో ఆ సరదా వెనకే మరో మాట కూడా నలుగుతూ ఉంటుంది. 'ఎలాగూ అందరం కలుస్తాం కదా, ఆ ఇంటి సంగతేదో ఈ పండక్కే తేల్చేద్దాం' అని. అన్నయ్య హైదరాబాద్‌లో, చెల్లెలు బెంగళూరులో, తమ్ముడు అమెరికాలో. ఊళ్లో మండువా లోగిలి, అందులో అమ్మ ఒక్కతే. దొరికిన సెలవులు ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లోనే భోగిమంట వెయ్యాలి, కొత్తల్లుడికి మర్యాదలు చెయ్యాలి, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలి, ఇంటికి బేరం చూడాలి, రిజిస్ట్రేషను పూర్తిచెయ్యాలి!

అయ్యే పనేనా? కాదు. అయినా హడావుడిగా అందులోకి దిగి ఇటు పండగ సరదా పోగొట్టుకుని, అటు ఇంటికి రావాల్సిన ధరా రాక, తోబుట్టువుల మధ్య మాటలు మిగుల్చుకునేవాళ్లు ఉంటారు. కాస్త ముందుగా ఆలోచించుకుంటే ఈ రెండు పనులూ చక్కగా జరుగుతాయి. ఎలాగో చూద్దాం.

ఒక ప్రయాణం చాలదు

ముందుగా గుర్తుంచుకోవాల్సింది... పండగ ప్రయాణం వేరు, అమ్మకం ప్రయాణం వేరు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు సెలవే. పైగా మన సంక్రాంతి సాధారణంగా పుష్యమాసంలో వస్తుంది. పుష్యాన్ని శూన్యమాసమంటారు కాబట్టి ఆ నెల్లో ఇల్లు కొనడానికి, బయానా ఇవ్వడానికి కూడా చాలామంది ఇష్టపడరు. 'మాఘం రానివ్వండి చూద్దాం' అంటారు. మీరేమో సెలవు అయిపోతోందని తొందరపడతారు. ఆ తొందర అవతలివాళ్లు కనిపెట్టారంటే ధర తగ్గిపోయినట్టే.

అందుకని సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇంటివాళ్లంతా కూర్చుని ఒక మాట మీదకి రండి, కాగితాలు సరిచూసుకోండి. అమ్మకం మాఘంలోనో వేసవి సెలవుల్లోనో పెట్టుకోండి. మాఘంలో అయితే అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి తీర్థం కూడా కలిసొస్తుంది. మూఢం లేకుండా చూసుకుంటే కొనేవారికీ అభ్యంతరం ఉండదు. రెండోసారి అందరూ రాలేకపోతే ఏం చెయ్యాలన్నది కింద చెప్పుకుందాం.

టికెట్లు తీసిన రోజే...

రైలు రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాస్తా 60 రోజులకు తగ్గింది. అంటే జనవరి 12 ప్రయాణానికి నవంబరు రెండోవారంలోనే బుకింగు తెరుచుకుంటుంది. గౌతమి, గోదావరి, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లలో పండగ టికెట్లు ఎంతసేపుంటాయో అందరికీ తెలిసిందే. కోనసీమ వాళ్లు రాజమండ్రిలో దిగి మళ్లీ బస్సో కారో చూసుకోవాలి కాబట్టి అదీ ముందే మాట్లాడుకోండి. తిరుగు టికెట్టు కనుమ మర్నాటికి కాకుండా మరో రెండు రోజులు తర్వాతకు తీసుకోండి. ఆఫీసులు తెరిచాక పంచాయతీలోనో తహసీల్దారు దగ్గరో ఏదైనా పని పడితే ఆ రోజులు పనికొస్తాయి.

టికెట్లు తీసిన రోజే ఇంటి కాగితాల పనీ మొదలుపెట్టండి. అరవై రోజుల వ్యవధి సరిగ్గా సరిపోతుంది. చూసుకోవాల్సినవి ఇవీ...

నాన్నగారు కొన్న దస్తావేజు, అంతకుముందరి లింకు డాక్యుమెంట్లు ఎక్కడున్నాయి? బీరువాలోనా, బ్యాంకులోనా? ఎప్పుడో తీసుకున్న అప్పు తీరిపోయినా తాకట్టు విడుదల రాయించుకోకపోతే అది ఈసీలో అలాగే కనిపిస్తుంది.

ఈసీ 1983 నుంచి ఉన్న లావాదేవీలకు కంప్యూటర్లో దొరుకుతుంది. అంతకుముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి కొంత సమయం పడుతుంది.

ఇంటిపన్ను, కరెంటు బిల్లు ఇంకా తాతగారి పేరుమీదే ఉన్నాయా? ఉంటే మార్పించుకోండి.

ఊరి నడుమ ఉన్న చాలా ఇళ్లు గ్రామకంఠంలో ఉంటాయి. తరాలుగా ఉంటున్నా దస్తావేజు ఉండకపోవచ్చు. అలాంటప్పుడు పాత పన్ను రసీదులు, పంచాయతీ రికార్డులే ఆధారం. అవన్నీ ఒక ఫైల్లో పెట్టండి. మీ సర్వే నంబరు రిజిస్ట్రేషను నిషేధిత జాబితాలో (22-ఎ) పొరపాటున చేరిందేమో కూడా చూసుకోండి. అది తీయించడానికి రోజులు కాదు, నెలలు పట్టొచ్చు.

పాత దస్తావేజులో 'తూర్పు గోదావరి జిల్లా, అమలాపురం తాలూకా' అని ఉంటుంది. తాలూకాలు పోయి 1985లో మండలాలొచ్చాయి, 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. దీనికి కంగారుపడక్కర్లేదు. ఊరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు సరిపోవడం ముఖ్యం. అయితే హద్దుల్లో రాసిన మనుషులు ఇప్పుడు ఉండరు కాబట్టి కొత్తగా కొలిపించుకోవడం మంచిది. సెంట్లలో ఉన్న దాన్ని గజాల్లోకి మార్చేటప్పుడు సెంటుకు 48.4 చదరపు గజాలని గుర్తుంచుకోండి.

ఎన్ని సంతకాలు కావాలి?

'ఇల్లు మా అన్నదమ్ములిద్దరిదీ, ఆడపిల్లలకు పెళ్లప్పుడే ఇచ్చేశాం' అనే మాట ఇప్పటికీ వింటుంటాం. చట్టం అలా అనదు. నాన్నగారు సొంతంగా సంపాదించిన ఇల్లయి, వీలునామా రాయకుండా కాలం చేస్తే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు తలా ఒక వాటా, అందరికీ సమానంగా వస్తుంది. నాయనమ్మ ఉంటే ఆవిడకీ ఒక వాటా. పిత్రార్జితంలో ఆడపిల్లల హక్కు విషయానికొస్తే, పెళ్లికాని కూతుళ్లకు మన రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతో పంపకాలైపోతే అవి మాత్రం చెల్లుతాయి.

కాబట్టి కొనేవారు అక్కచెల్లెళ్ల సంతకాలు అడగడం అనుమానంతో కాదు, జాగ్రత్తతో. తోబుట్టువుల్లో ఎవరైనా కాలం చేస్తే వారి భార్యాపిల్లలు లెక్కలోకొస్తారు. ఆ పిల్లలు మైనర్లయితే వారి వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసి పెట్టుకోండి.

ఇంకొకటి. బయటివారికి చెప్పేముందు ఇంట్లోవాళ్లను అడగండి. వారసుల్లో ఒకరు తన వాటా అమ్ముకుంటానంటే ముందుగా కొనుక్కునే అవకాశం మిగతా వారసులకు ఆ చట్టమే ఇచ్చింది. 'నాకు చెప్పకుండా పక్కవాళ్లకు అమ్మేశారు' అన్న నిష్ఠూరం మాత్రం ఏ దస్తావేజుతోనూ పోదు.

రెండోసారి రాలేనివారు సంతకం అధికారం ఇంకొకరికి రాసి ఇవ్వొచ్చు. అన్నింటికీ కలిపి జనరల్ పవర్ ఇవ్వకుండా ఈ ఒక్క ఇంటి అమ్మకానికే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే ఇద్దరికీ మంచిది. విదేశాల్లో ఉన్నవారు అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరణ చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

ముందు అమ్మ సంగతి

ధర, వాటాలు మాట్లాడుకునేముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఇల్లు అమ్మేశాక అమ్మ ఎక్కడుంటుంది? 'మూడు నెలలు అన్నయ్య దగ్గర, మూడు నెలలు నా దగ్గర' అని పిల్లలు తేలిగ్గా అనేస్తారు. ఆవిడ 'మీ ఇష్టం నాయనా' అంటుంది. అది ఒప్పుకోలు కాకపోవచ్చు. పండగ హడావుడి తగ్గాక, పిల్లలూ కోడళ్లూ లేనప్పుడు, ఒకరు కూర్చుని నిదానంగా అడగండి. ఊళ్లోనే చిన్న వాటాలో అద్దెకుంటానంటుందేమో. వాడకట్టువాళ్లు, గుడి, తెలిసిన డాక్టరు... ఇవన్నీ ఆ ఇంటితో ముడిపడినవే. అవసరమైతే ఓ నెల సిటీలో ఉండి చూడమనండి. ఉండలేకపోతే అమ్మకం ఆగుతుంది, అంతేగా!

డబ్బు విషయంలోనూ అంతే. అమ్మ వాటా అమ్మ పేరుమీదే బ్యాంకులో వెయ్యండి. ఆవిడ తన వాటా పిల్లల్లో ఒకరికి రాసిస్తానంటే 'నన్ను చూసుకోవాలి' అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. ఆ షరతు తప్పితే దస్తావేజు రద్దు చేయమని కోరే వీలు 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టంలో ఉంది.

బేరానికి వచ్చినప్పుడు

మూసి ఉంచిన ఇల్లు ఎంత పెద్దదైనా చిన్నగానే కనిపిస్తుంది. పెరట్లో పిచ్చిమొక్కలు కొట్టించి, పగిలిన పెంకులు మార్పించి, సున్నం వేయించండి. అంతకు మించి ఖర్చు పెట్టకండి. ఊళ్లో పాత ఇల్లు కొనేవాళ్లు చాలాసార్లు చూసేది స్థలాన్నే. అలాగని కలపను తక్కువ అంచనా వెయ్యకండి. పాత టేకు స్తంభాలకు, తలుపులకు విడిగానే మంచి ధర ఉంటుంది. స్తంభాలు, ఉయ్యాల బల్ల, పెరట్లో కొబ్బరిచెట్లు ఇంటితోపాటేనా కాదా, రిజిస్ట్రేషను అయ్యేదాకా కొబ్బరి దింపు ఎవరిది... ఇవన్నీ అగ్రిమెంటులో రాయించండి. తగవులొచ్చేది ఇలాంటి చిన్నవాటి దగ్గరే.

గట్టు లోపల లంక గ్రామమైతే 1986లో, 2022 జులైలో వరద నీరు ఎంతదాకా వచ్చిందో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. దాస్తే దాగేది కాదు, ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

బయానా తీసుకునేటప్పుడు మిగతా సొమ్ము ఏ తేదీకి ఇవ్వాలో, ఇవ్వకపోతే ఏమిటో రాసుకోండి. స్థిరాస్తి అమ్మకంలో రూ.20 వేలు, అంతకుమించి నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ 1 నుంచి నిబంధన ఉంది. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడే అవకాశముంది. చెక్కుగానో బ్యాంకు బదిలీగానో తీసుకోండి. రిజిస్ట్రేషనుకు ముందుగా స్లాటు బుక్ చేసుకునే పద్ధతి 2025లో వచ్చింది కాబట్టి, స్లాటు చూసుకున్నాకే రెండో ప్రయాణం టికెట్లు తీయండి.

పన్ను సంగతీ చూడండి

రెండేళ్లు దాటి మన దగ్గరున్న ఇల్లు అమ్మితే వచ్చే లాభంపై 12.5 శాతం పన్ను. వారసత్వంగా వస్తే నాన్నగారు కొన్న నాటినుంచీ లెక్క. 2024 జులై 23కి ముందునుంచీ ఉన్న ఇంటికి, ద్రవ్యోల్బణం లెక్క వేసుకుని 20 శాతం కట్టే మరో దారి కూడా ఉంది. అది ఇక్కడ నివాసముండేవారికే, ఎన్నారైలకు లేదు. 2001కి ముందు కొన్న ఇల్లయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించుకోవచ్చు. అది ఆనాటి రిజిస్ట్రేషను విలువను మించకూడదు. వచ్చిన లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు ఉంటుంది.

ఉదాహరణకు అమ్మ, ముగ్గురు పిల్లలు కలిసి ఇల్లు రూ.60 లక్షలకు అమ్మితే తలా రూ.15 లక్షలు. ఎవరి వాటా లాభానికి వారే పన్ను కట్టాలి. అందరి వాటాలూ కలిపి రూ.50 లక్షలకు తగ్గకపోతే కొనేవారు 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. అమెరికా తమ్ముడి వాటాకు మాత్రం ఈ 50 లక్షల పరిమితి లేదు, కోతా ఎక్కువే. తక్కువ కోతకు ఆదాయపన్ను శాఖ నుంచి ముందే ధ్రువపత్రం తెచ్చుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది. ఒకసారి ఆడిటరును కలవండి.

ఇంటికీ ఓ రోజు

సెలవుల్లో ఒక రోజు ఏ పనీ పెట్టుకోకుండా ఇంటికోసం ఉంచండి. అటక మీది గంగాళాలు, భోషాణం, పందిరిమంచం... ఎవరికేం కావాలో ఆ రోజే అనుకోండి. ఎవరికీ అక్కర్లేనివి ఊళ్లో అవసరమైనవారికి ఇవ్వండి. గది గదీ ఫొటోలు తీయండి. మండువాలో అందరూ కలిసి కూర్చుని భోంచెయ్యండి. ఈ గుమ్మంలోనే కదా అక్క పెళ్లి పందిరి వేశారు, ఆ అరుగు మీదే కదా తాతయ్య కూర్చునేవారు అని పిల్లలకు చెప్పండి.

అలా కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు 'ఇంకొన్నాళ్లు ఉంచుదామా' అనొచ్చు. అంటే కోప్పడకండి. 2015 తర్వాత గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. 'అప్పటిదాకా ఉంటే అందరం ఇక్కడే దిగొచ్చు' అని అనుకునే కుటుంబాలూ ఉంటాయి. ఖర్చు తలా కొంత వేసుకోగలిగితే అదీ ఒక నిర్ణయమే. అమ్మినా ఉంచినా, వచ్చే సంక్రాంతికి అందరూ ఒకే ఇంట్లో కలిసి పిండివంటలు తినగలగాలి. ఏ ఇంట్లో అన్నది ఆ తర్వాతి సంగతి.