మిర్చి బస్తాకున్న భద్రత

మిరప కోతలొస్తే పల్నాడు, ప్రకాశం రోడ్ల మీద తెల్లవారుజామున ఒకటే దృశ్యం. ఆటో నిండా, ట్రాక్టర్ ట్రక్కు నిండా ఆడవాళ్ళు, ఒళ్ళో అన్నం క్యారేజీలు. బస్సెక్కొచ్చు కదా అనేవాళ్ళు చేల గట్లకు ఏ బస్సు వెళ్తుందో చెప్పాలి.

2020 మేలో నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దింది. 2023 మేలో దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర కూలీల ఆటోను లారీ ఢీకొంది. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర ట్రాక్టర్ తిరగబడి నలుగురు స్త్రీలు చనిపోయారు. వీటన్నిటినీ మనం ‘ప్రమాదాలు’ అని సరిపెట్టుకుంటున్నాం.

నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీయడం నేరం. పాత 304-ఎ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) దాన్ని అయిదేళ్ళు చేసింది. కానీ శిక్ష ఎవరికి? తరచు కేసు డ్రైవరు ఒక్కడి మీదే నిలుస్తుంది. అతనూ కూలికొచ్చినవాడే. అంతమందిని ఎక్కించిన మేస్త్రి, బండి పంపిన ఆసామి ఎఫ్ఐఆర్‌లో కనబడరు.

పరిహారం దగ్గర అన్యాయం మరీ ఎక్కువ. సరుకుల బండిలో ఎక్కిన ప్రయాణికుల పూచీ బీమా కంపెనీది కాదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. సరుకు యజమాని సరుకుతో పాటు వస్తే మాత్రం బీమా ఉంటుంది. అంటే, మిర్చి బస్తాతో వచ్చే ఆసామికి ఉన్న రక్షణ ఆ మిర్చి కోసిన మనిషికి లేదు! కొన్ని కేసుల్లో కోర్టులు ముందు కంపెనీనే చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమన్నాయి. అది దక్కినవాళ్ళ అదృష్టం.

ఇక రాజీ సంగతి. శవం ఇంటి ముందుండగానే పెద్దమనుషులొస్తారు, ఖర్చులకింత ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటారు. చట్టప్రకారం ఈ నేరం రాజీకి వీలైంది కాదు. ఆ కాగితంతో కేసు పోదు. పోయేది సాక్షుల నోరు.

డ్రైవరు నిర్దోషిగా బయటపడినా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం అడగవచ్చు, అదీ తాము నివసించే ప్రాంతంలోనే. 2022 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన సవరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది. ఆ లోపే వేయించాలి. చనిపోయిన స్త్రీ కూలి డబ్బుతోనే లెక్క ముగించనివ్వకూడదు. ఇంటి చాకిరీకి విలువ కట్టాలని లతా వాధ్వా కేసులో 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి కబురు తెలిసిన రోజే మన కార్యకర్తలు స్టేషనుకు వెళ్ళాలి. బండి ఎవరిది, ఎవరు పంపారు, ఎవరి చేలో పనికి, ఎంతమందిని ఎక్కించారు అన్నవి మొదటి వాంగ్మూలంలోనే రాయించి, ఎఫ్ఐఆర్ నకలు ఆ కుటుంబం చేతికి ఇప్పించాలి.